వశిష్ఠకీ వైనతేయకీ నడుమ

అంతర్వేది వచ్చినవాళ్ళు నరసింహస్వామి దర్శనం చేసుకుని, లైట్‌హౌసు చూసి, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళి, సాయంత్రానికి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్ళిపోతారు. పొద్దున ఎక్కడైనా దొరికే ఇడ్లీ, మధ్యాహ్నం ఎక్కడైనా దొరికే భోజనం. మా దీవి వాళ్ళకి కంటికి ఆనింది గానీ నాలుకకి తగల్లేదు. ఇక్కడ పుట్టి పెరిగిన నాకు అది బాధగానే ఉంటుంది.

మాది దీవే. పడమర వశిష్ఠ, తూర్పున వైనతేయ, దక్షిణాన బంగాళాఖాతం. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు అన్నీ ఈ మూడు నీళ్ళ మధ్యనే ఉన్నాయి. ఇంగ్లీషు ఇంజనీర్లు తమ కాగితాల్లో దీన్ని నగరం దీవి అని రాసుకున్నారు. చుట్టూ నీళ్ళున్నా పైరుకి మాత్రం వానే దిక్కయిన రోజులవి. 1833 కరువు రాజమండ్రి జిల్లాను ఎంతగా ఊడ్చిపెట్టిందో ఆ నాటి రికార్డులే చెబుతాయి. 1847లో మొదలై 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కానీ కాలవ నీళ్ళు మా దాకా రావాలంటే వైనతేయ అడ్డం. అందుకని గన్నవరం దగ్గర నది మీదుగానే కాలవని దాటించారు. 49 కమానుల ఆ పాత అక్విడెక్టు మీదుగా వచ్చిన నీళ్ళతోనే మా వరి, మా కొబ్బరి, ఆ కొబ్బరి నీడన పెరిగే అరటి, కంద, పెండలం. అంటే మా విస్తట్లో సగం వైనతేయ దాటి వచ్చిందే.

దీవికి పేరిచ్చిన నగరంలోనే మొదలుపెట్టండి. అక్కడ గరాజీలు చేస్తారు. ముస్లిం కుటుంబాల చేతి విద్య అది. బియ్యప్పిండిని జారుగా కలిపి, అడుగున సన్నటి చిల్లులు పెట్టిన కొబ్బరిచిప్పలో పోసి, కాగుతున్న మూకుడు మీద గుండ్రంగా తిప్పుతారు. పిండి తీగలు తీగలుగా పడి, రేవు అవతల నరసాపురం ఆడవాళ్ళు అల్లే లేసులా పరుచుకుంటుంది. చల్లారితే విరిగిపోతుంది కాబట్టి వేడి మీదే మడవాలి. ఆ వేళ్ళ వేగం చూసి తీరాలి. బియ్యం, కొబ్బరిచిప్ప రెండూ ఈ నేలవే. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నేనూ సంతోషించాను, అవీ మా కోనసీమవే కదా. కానీ గరాజీల పేరు గోదావరి దాటితే చాలామంది వినలేదు. చేతిపని సంగతికొస్తే నా దృష్టిలో రెండూ ఒకే ఎత్తు.

ఇక కూర. మాఘమాసంలో అంతర్వేది కల్యాణానికి, భీష్మ ఏకాదశి నాటి రథోత్సవానికి వస్తే పనసపొట్టు అడగండి. లేత పనసకాయలు సంతలోకి దిగేది అప్పుడే. చేతికి నూనె రాసుకుని, చెక్కు తీసి, పదునైన కత్తితో టకటకా కొట్టి పొట్టు చేసి అమ్ముతారు. ఇంట్లో కొట్టుకునే ఓపిక ఇప్పుడు తక్కువ. పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీళ్ళు పిండేసి, చింతపండు పులుసు పట్టించి, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు పోపులో వేయించాలి. పొయ్యి మీంచి దించాకే ఆవ కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఆవ చేదెక్కుతుంది, ఘాటు పోతుంది. పొద్దున ఆవ పెట్టిన కూర సాయంత్రానికి ఇంకా బాగుంటుంది. మా వైపు పెళ్ళి భోజనంలో ఇది లేకపోతే పెద్దవాళ్ళు పైకే అడిగేస్తారు. కంద-బచ్చలిదీ ఇదే ఆవ మర్యాద.

పనసాకులకీ పనుంది. నాలుగాకులు కొబ్బరి పుల్లలతో కుట్టి బుట్టలు చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే పొట్టిక్కలు. వీటికి పేరుపడ్డది వైనతేయ అవతలి అంబాజీపేట. అల్లప్పచ్చడితో తినండి. ఆకు వాసన పిండికి పట్టి ఉండాలి, స్టీలు గిన్నెలో వేసి చేసింది పొట్టిక్క కాదు.

నీసు తినేవాళ్ళు ముందు పులస మాటే ఎత్తుతారు. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీళ్ళు దిగినప్పుడు సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే చేప అది. ఆనకట్ట దాటి పైకి పోలేదు కాబట్టి ధవళేశ్వరానికి దిగువనే దొరుకుతుంది. సముద్రంలో ఉన్నంతవరకూ దాన్ని ఇలస అంటాం. మట్టి దాకలో, సన్నసెగ మీద, బెండకాయలు వేసి పులుసు పెట్టి, మర్నాడు తినాలి. వేల రూపాయలు పోసి కొనేవాళ్ళు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పులస పేరుతో అమ్మేవాటిలో నది మొహం చూడని ఇలసలు చాలా ఉంటాయి. తెలిసిన జాలరిని అడిగి కొనడమే దారి.

నా మట్టుకు నేను చీరమేను కోసమే ఎదురుచూస్తాను. దసరా వెళ్ళి తూర్పుగాలి తిరిగాక నది ముఖద్వారాల దగ్గర గుంపులుగా వచ్చే వెంట్రుకంత చేపపిల్లలివి. చీరగుడ్డతో వడగట్టి పడతారు, తూకంతో కాక గ్లాసులతో, గిన్నెలతో కొలిచి అమ్ముతారు. కొందరు గారెలు వేస్తారు, కొందరు చింతకాయ వేసి ఇగురు పెడతారు. నాలుగు వారాలు దాటితే మళ్ళీ ఏడాదే. వానాకాలంలో వేట లేని రోజులకి అంతర్వేది పల్లిపాలెం ఇసకలో ఎండిన మెత్తళ్ళు, సావళ్ళు ఉంటాయి. వంకాయలో ఎండు మెత్తళ్ళు వేసిన కూర ఏ హోటల్లోనూ దొరకదు, ఎవరింట్లోనైనా పెడితేనే.

1996 నవంబరు 6 రాత్రి తుపానుకి కోనసీమ కొబ్బరి లక్షల్లో నేలకొరిగింది. మొక్కలు నాటి, ఏళ్ళు ఆగి, మళ్ళీ తోటలు నిలబెట్టుకున్నాం. ఇప్పుడొచ్చిన కష్టం గాలిది కాదు, ఉప్పుది. శంకరగుప్తం డ్రెయిను వెంట సముద్రపు పోటు వెనక్కి ఎక్కి, కేశనపల్లి చుట్టుపక్కల కొబ్బరిచెట్లు తలలు వాల్చేసి మోడులై నిలబడ్డాయి. తీరం వెంబడి రొయ్యల చెరువులు పెరిగాయి. అందులో డబ్బుందని నాకూ తెలుసు, తవ్వినవాళ్ళని తప్పుపట్టను. అయితే కొబ్బరి నీడ పోయిన చోట కంద ఊరదు, ఉప్పు తగిలిన వేరుతో పనస బతకదు. డ్రెయిను గట్లు ఎత్తు చెయ్యమనీ, పూడిక తియ్యమనీ రైతులు అడుగుతూనే ఉన్నారు. ఈలోపు మా వైపు కొన్ని ఊళ్ళలో పెళ్ళి కుదిరితే, పనసకాయల కోసం వైనతేయ దాటి అంబాజీపేట పోతున్నారు.