మత్తులో ఉన్న టైగర్‌ని ఎవరు చూశారు?

ఎపిసోడ్ విన్నాక చాలామంది "టైగర్ ఎట్లుంది?" అని అడిగారు. బతికింది. ఇది రాస్తుంటే నా కాళ్ళ దగ్గరే పడుకుని ఉంది. మెడకి ప్లాస్టిక్ కోను, పొట్ట మీద వెంట్రుకలు గీసేసిన చోట జానెడు కుట్టు. ఎపిసోడ్‌లో హడావిడిగా చెప్పిన హైదరాబాద్ ముచ్చట ఇక్కడ తీరుబడిగా రాస్తున్నా.

ముందు జరిగింది చెప్తా. శనివారం క్లేటన్‌లో మా పెరట్లో సైటు పిల్లలతో బార్బెక్యూ. కాల్చిన మొక్కజొన్న తిని పడేసిన కండె ఒకటి టైగర్ మింగింది. ఎవరం చూడలేదు. సోమవారం వాంతులు. మంగళవారానికి నీళ్ళు కూడా నిలవలేదు. రాత్రి పదకొండింటికి ఎమర్జెన్సీ డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ చేసి, కండె పేగులో అడ్డం పడింది, ఇప్పుడే కోసి తియ్యాలి అన్నారు. ఎస్టిమేటు 6,400 డాలర్లు, సగం ముందే కట్టాలి. ఈ దేశంలో మనుషులకి మెడికేర్ ఉంది, అది కూడా అన్ని వీసాలకీ రాదు. కుక్కలకైతే లేనే లేదు. ఇన్సూరెన్సు తీసుకోకపోవడం నా తప్పే. చేతిలో ఉన్నది ఊళ్ళో ఇంటి స్లాబుకి దాచిన సొమ్ము. నేను కాగితం పట్టుకుని నిలబడితే మా ఆవిడ, "స్లాబు వచ్చే ఏడు పోసుకుందాం, నువ్వు సంతకం పెట్టు" అంది.

మా పాప అడిగింది వేరే. "మత్తు ఇచ్చినంక మళ్ళా లేస్తదా నాన్నా?"

అక్కడి నర్సమ్మ ఓపిగ్గా చెప్పింది. గొంతులోకి గొట్టం వేస్తారట, నాలుకకి ఒక క్లిప్పు పెడతారట, ఊపిరి గాలి ఎంత బయటికొస్తోందో మిషను లెక్కేస్తుందట. డాక్టరు కోస్తుంటే ఒక మనిషి మాత్రం కోతలో చెయ్యి పెట్టదు. శ్వాస, గుండె, రక్తపోటు చూస్తూ ఐదు నిమిషాలకోసారి రాసుకోవడమే ఆమె పని. నాకు వెంటనే అర్థమైంది. మనం ట్యాంకులోకి, మాన్‌హోల్‌లోకి మనిషిని దింపినప్పుడు పైన స్టాండ్‌బై ఒకడిని పెడతాం కదా, వాడు పార కూడా పట్టకూడదు. అదే లెక్క.

రెండున్నర గంటలు వెయిటింగ్ రూములో కూర్చున్నా. నిద్ర పట్టక ఫోన్లో మత్తుమందు చరిత్ర చదువుతుంటే మన ఊరి పేరు తగిలింది, హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ అని.

కథ దూరంగా మొదలవుతుంది. 1846 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్‌లో ఈథర్ పీల్పించి నొప్పి లేకుండా ఆపరేషన్ చేసి చూపించారు. మరుసటి ఏడే ఎడిన్‌బరోలో సింప్సన్ అనే డాక్టరు క్లోరోఫాం పట్టుకొచ్చాడు. వాసన తీపి, పని తొందర. కానీ 1848 జనవరిలో ఇంగ్లండ్‌లో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల, కాలి గోరు తీయడానికి క్లోరోఫాం ఇస్తే నిమిషాల్లో చనిపోయింది. కాలి గోరుకి! అప్పటి నుంచి తగువు. గుండె ముందు ఆగుతుంది, నాడి పట్టుకోండి అని లండన్ డాక్టర్లు. కాదు, ఊపిరి ముందు ఆగుతుంది, శ్వాస చూస్తే చాలు అని ఎడిన్‌బరో వాళ్ళు. నలభై ఏళ్ళు తెగలేదు.

అప్పుడు హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. (పేరు లారీ, మన టిప్పరు లారీ కాదు.) ఎడిన్‌బరోలో చదివినవాడు, మన మెడికల్ స్కూలుకి పెద్ద. ఆయన దగ్గర చదివి మత్తు ఇవ్వడం నేర్చిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా చెబుతారు. లారీ 1888లో కమిషన్ వేసి వీధికుక్కలకి క్లోరోఫాం ఇచ్చి చూశాడు. ప్రతిసారీ ఊపిరే ముందు ఆగిందన్నాడు. లండన్‌లో లాన్సెట్ పత్రిక నమ్మలేదు. దాంతో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1000 పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపండి అన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఈసారి వందల జంతువులు. ఎక్కువ కుక్కలే, కోతులు, మేకలు కూడా. సందేహంతో వచ్చిన బ్రంటన్ కూడా లారీ మాటే నిజమని ఒప్పుకున్నాడు. శ్వాస చూసుకుంటే చాలు, క్లోరోఫాంతో గుండెకి భయం లేదు అని తేల్చారు.

అది సగమే నిజం. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసి చూపించాడు. మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు, భయంతోనో నొప్పితోనో ఒంట్లో అడ్రినలిన్ లేస్తే గుండె గింజుకుని ఒక్కసారిగా ఆగిపోతుందని. హైదరాబాద్‌లో మందు ఎక్కువ చేసి చూశారు, ఎక్కువైతే ఊపిరే ముందు పోతుంది. మన భాషలో చెప్పాలంటే, క్రేనుకి ఓవర్‌లోడ్ టెస్టులన్నీ చేసి సర్టిఫికెట్ ఇచ్చారు, తక్కువ బరువునే జెర్కుతో ఎత్తితే ఏమవుద్దో చూడలేదు. హానా గ్రీనర్ లాంటి చావులకి జవాబు అక్కడుందని లెవీ తర్వాత చాలామంది ఒప్పుకున్నారు.

నాకు లారీ మీద కోపం రాలేదు. మత్తు ఇచ్చేవాడి కళ్ళు కత్తి మీద కాదు, రోగి ఊపిరి మీద ఉండాలని ఆయన పట్టుబట్టాడు, అది ఈనాటికీ నిలిచింది. కానీ ఆ కుక్కల సంగతి మింగుడు పడలేదు. మా టైగర్ షెల్టరు నుంచి తెచ్చిన వీధి రకమే. 1889లో హైదరాబాద్‌లో పుట్టుంటే ఆ బల్ల మీదే ఉండేది.

2011లో మా నాయన్ని ఉస్మానియాలో చేర్పించి వారం రోజులు ఆ చింతచెట్టు కింద పడుకున్నా. 1908 మూసీ వరదలో పాత అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి పోయినప్పుడు నూటయాభై మందిని కాపాడిన చెట్టు అది. వరద కథ అందరూ చెప్పారు. లారీ కథ ఒక్కరూ చెప్పలేదు.

ఇప్పుడు క్లోరోఫాం లేదు. టైగర్‌కి ఇచ్చింది ఐసోఫ్లూరేన్ అనే గ్యాసు. నాలుక మీది క్లిప్పు 1974లో జపాన్‌లో అయోయాగి అనే ఇంజినీరు ఆలోచన నుంచి వచ్చింది, రక్తంలో ఆక్సిజన్ ఎంతో వెలుతురుతో చెప్తుంది. అంటే ఆక్సిజనూ, నాడీ రెండూ ఒకేసారి. ఎడిన్‌బరో, లండన్ తగువు ఆ చిన్న క్లిప్పులో తీరిపోయింది.

తెల్లవారుజామున మూడింటికి గొట్టం తీశారు. లేచి మమ్మల్ని చూసి తోక ఊపలేదు, ఏడ్చింది. అది మత్తు దిగేటప్పటి తికమక, నొప్పికి మందు ఇచ్చాం అన్నారు. డాక్టరు ఇంకోటి చెప్పారు. పేగు కోసి కుట్టినప్పుడు మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా అసలు గండం, కుట్టు లీకయితే పొట్టంతా చీము పడుతుంది. ఆ మూడు రాత్రులు నేనూ మా పాపా వంతులు వేసుకున్నాం. పాప నోటుబుక్కులో గంటగంటకీ ఊపిరి లెక్క రాసింది, పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించి. ఉడికించిన కోడి, మెత్తటి అన్నం, ఉప్పుకారం లేకుండా, రోజుకి ఐదుసార్లు పిడికెడు పిడికెడు. ఆరో రోజు పొద్దున గిన్నె నాకి, ఇంకా పెట్టమని నా బూటు కొరికింది.

పద్నాలుగో రోజు కుట్లు తీస్తారు. అప్పటిదాకా తాడు మీదే నడక, గేటు దాకా పోయి రావడమే. మిగిలిన సగం బిల్లు నాలుగు జీతాల మీద కడుతున్నా. స్లాబు వచ్చే ఏడు.