మన్యపు ఠాణాలు - తుపాకులు

పోలీసువాని చేత కర్ర యుండవలెనా, తుపాకి యుండవలెనా యను ప్రశ్న నిన్న మొన్న పుట్టినది కాదు. చెన్నరాజధానిలో 1859వ సంవత్సరపు 24వ చట్టము వలన నూతన పోలీసుశాఖ ఏర్పడెను. రాబిన్సన్ దొర దానికి మొదటి అధిపతి. సైన్యమునకు వేరుగా, పౌరప్రభుత్వమునకు లోబడి యుండు బలముగా దానిని నిర్మింపవలెనని ఉద్దేశము. అయినను దూరపు ఠాణాలలో తుపాకులుంచుట తప్పలేదు. ఏలెడివారికి జనమన్న భయము గలచోట కర్ర చాలదు గదా!

ఆ తుపాకుల కథ అడ్డము తిరిగినది గోదావరి, విశాఖ మన్యములలో. పోడు వ్యవసాయముపై అటవీశాఖ ఆంక్షలు, బాటల పనిలో వెట్టి, ముఠాదారుల హక్కుల కోత, ఇవన్నియు కొండవారిని విసిగించి యుండెను. వారి యొద్ద విల్లమ్ములు, నాటుతుపాకులు తప్ప వేరు ఆయుధము లేదు. ప్రభుత్వపు తుపాకులో, కొండల నడుమ కొలదిమంది జవానుల కాపలాలో నుండెను. అల్లూరి సీతారామరాజు కనిపెట్టినది ఈ సంగతినే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలు వరుసగా అతని వశమయ్యెను. మూడు దినములలో 26 తుపాకులును, రెండున్నర వేలకు పైగా తూటాలును చేజిక్కినవి. రాజవొమ్మంగిలో బందీగా నున్న వీరయ్యదొర విడుదలయ్యెను. తీసికొనిపోయిన సరుకుల వివరమును ఠాణా పుస్తకములో వ్రాసి, రాజు సంతకము చేసిపోయెను. దొంగతనమని ఎవ్వరును అనకుండుటకు గాబోలు!

నెల తిరిగి రెండు దినములకే ఫలితము కనబడెను. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అను ఆంగ్ల అధికారులు ఇరువురు హతులైరి. ప్రజలను అణచుటకు కొనితెచ్చిన ఆయుధము అణచువారి వైపే తిరిగినది. అక్టోబరు 15న రాజు అడ్డతీగల ఠాణా ప్రవేశించునప్పటికి అచ్చట ఆయుధములు లేవు. పోలీసులు ముందుగానే తరలించి యుండిరి. ఠాణాకు బలమని యిచ్చిన తుపాకిని ఠాణాలోనే ఉంచుటకు భయపడవలసిన గతి పట్టెను.

దీని నుండి ప్రభుత్వము నేర్చినది వేరొక పాఠము. పోలీసుల ఆయుధములను తగ్గింపలేదు, పోలీసునే సైనికునిగా మార్చెను. 1921లో మాపిళ్ల తిరుగుబాటు నాడు హిచ్‌కాక్ దొర చేతిమీదుగా మలబారు స్పెషల్ పోలీసు దళము పుట్టి యుండెను. పేరు పోలీసు, కవాతును ఆయుధమును సైన్యపు తీరువి. ఆ దళమును మన్యమునకు దింపిరి. ఇట్టి దళముతో పాలకులకు ఒక సౌకర్యము కలదు: సైన్యమును పిలిచితిమను అపకీర్తి లేకయే సైన్యపు పని జరిగిపోవును. 1922 డిసెంబరు 6న పెదగడ్డపాలెము, లింగాపురము పోరాటములలో రాజు అనుచరులు 12 మంది కూలిరి. అంతటితో తిరుగుబాటు ఆగలేదు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ వచ్చెను. అదియును పూర్వము అస్సాం మిలిటరీ పోలీసు అను పేరుతో నుండినదే, 1917లో పేరు మారినది. రూథర్‌ఫర్డ్ దొర ప్రత్యేకాధికారిగా వచ్చెను. మే 7న రాజును పట్టి కొయ్యూరులో కాల్చి చంపిరి. ఈ రెండేండ్ల దండయాత్రకు సుమారు 40 లక్షల రూపాయలు వ్యయమైనవందురు. ఆ ధనములో పదియవ వంతు బాటల కూలి సక్రమముగా చెల్లించుటకు వినియోగించిన, కథ ఎట్లుండెడిదో!

మన్యము చల్లారినను దళము మిగిలెను. మలబారు స్పెషల్ పోలీసు నేటికిని మలప్పురము కేంద్రముగా కేరళ పోలీసుశాఖలో నున్నది. ఠాణా తుపాకుల విషయమునను ఆంగ్లేయులు ఒక ఉపాయము పన్నిరి. ఇషాపూరు కర్మాగారములో సైన్యపు 303 రైఫిలును సవరించి, 410 గొట్టముతో, ఒక్కొక్క తూటా నింపి కాల్చవలసిన మస్కెట్టుగా మార్చి పోలీసులకు ఇచ్చిరి. అట్టి తుపాకి ఎవరి చేతికి చిక్కినను, అది సైన్యపు రైఫిలు వలె పనిచేయదు.