వరస కలిపిన గల్లీ

హైదరాబాదు మర్యాద అనగానే చాలామంది కళ్లముందు దర్బారు మెదులుతుంది. నెత్తిన దస్తార్, నడుముకు బగ్లూసు, రెండు చేతులతో అందించే నజర్ కానుక. తహజీబ్ అనే ఈ మర్యాద నవాబుల ఇళ్లలో పుట్టి గల్లీల దాకా దిగివచ్చిందని ఒక నమ్మకం. మూసీకి దక్షిణాన, బహదూర్‌పురాకూ అత్తాపూర్‌కూ నడుమ ఉన్న కిషన్‌బాగ్‌ను చూస్తే ఆ నమ్మకం నిలవదనిపిస్తుంది. ఇక్కడి సిఖ్ ఛావ్నీ (సిక్కుల దండు విడిది) కథ 1830లలో మొదలైంది. నిజాం మంత్రి చందూలాల్ పెత్తనం నడుస్తున్న కాలంలో మహారాజా రంజిత్ సింగ్ పంపిన సైనికులు నిజాం కొలువులో చేరి, శిస్తు వసూళ్లలో, శాంతిభద్రతల్లో పనిచేసి, ఇక్కడే స్థిరపడ్డారు. వాళ్ల సంతతినే దక్కనీ సిక్కులంటాం. ఊరు కాని ఊళ్లో, భాష కాని భాషలో పక్కింటివాళ్లను ఏమని పిలవాలి? మర్యాద అసలు అవసరం అక్కడ పుట్టింది.

ఆ అవసరాన్ని తీర్చింది దర్బారు భాష కాదు. పుస్తకాల ఉర్దూలో పెద్దవాళ్లను ‘ఆప్ బైఠియే’ అనాలి. పాతబస్తీ మాత్రం ‘ఆప్ బైఠో’ అంటుంది. సర్వనామంలో గౌరవం, క్రియలో చనువు. వ్యాకరణం చెప్పే పంతులు దీన్ని తప్పంటాడు; నాకిది ఈ నగరం సాధించిన గొప్ప పొందిక. ఇక్కడి తెలుగూ అదే పని చేస్తుంది. ‘నువ్వు కూసో అన్నా’ అన్నప్పుడు ‘నువ్వు’ విని నొచ్చుకునేవాళ్లు ‘అన్నా’ను వినలేదన్నమాట. చిచా, ఖాలా, భాయ్, అక్కా అంటూ వరస కలిపితే కులం, మతం, జీతం అడగకుండానే ఎదుటివాళ్లకు ఒక స్థానం దొరుకుతుంది. ఛావ్నీలోని బరంబాలా గురుద్వారాలో అందరికీ పెట్టే లంగరు భోజనం కూడా అంతే: తలకు గుడ్డ కప్పుకొని అందరూ నేలమీద ఒకే వరుసలో కూర్చుంటారు, రెండు చేతులూ చాపి రొట్టె అందుకుంటారు.

మర్యాద పేరుతో జరిగింది అణచివేతేనని వాదించేవాళ్లున్నారు. వాళ్ల కోపం న్యాయమైంది. ఇదే నిజాం రాజ్యపు పల్లెల్లో ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’ అనడమూ మర్యాదగానే చలామణీ అయింది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం ఆ మాట మీద కూడా తిరుగుబాటే. కానీ తర్వాత ఏం మిగిలిందో చూడాలి. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. బగ్లూసు, నజర్ వాటితోపాటే రోజువారీ బతుకులోంచి వెళ్లిపోయాయి. కాల్మొక్కడానికి దొర కావాలి. ‘చిచా’ అనడానికి పక్కన ఒక ముసలాయన ఉంటే చాలు, అందుకే అది ఉండిపోయింది.

దీనికంటే కష్టమైన ప్రశ్న 2014 మే 14ది. ఆరోజు కిషన్‌బాగ్‌లో రెండు వర్గాల మధ్య ఘర్షణలు చెలరేగాయి, కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఇంత తహజీబ్ ఉండీ ఏం లాభమని అడిగితే తలవంచుకోవాల్సిందే. వరస కలిపే మాట ముఖాముఖి పనిచేస్తుంది. గుంపుకు ముఖం ఉండదు. ప్రాణాలు కాపాడే బాధ్యత చట్టానిది, దాన్ని మర్యాద నెత్తిన పెట్టడం ఆ పోయిన ముగ్గురికీ అన్యాయం. అయితే కర్ఫ్యూ సడలించిన పూట పాల దుకాణం ముందు నిలబడ్డ మనిషి, గల్లా వెనకాల ఉన్న మనిషిని ఏదో ఒక మాటతో పిలవాలి. ఆ మాట అప్పటికప్పుడు పుట్టదు. దాదాపు రెండు వందల ఏళ్లుగా ఆ గల్లీ దాన్ని నోట్లో ఉంచుకొనే ఉంది.