మాంసవిక్రయ వృత్తి - పూర్వోత్తరములు

దయమాలినవానిని 'కసాయి' యనియు, 'కటికవాడు' అనియు నిందించుట మన భాషలో పరిపాటి. కసాయి శబ్దము అరబ్బీ మూలమున వచ్చినది. కటిక శబ్దము ఒక కులమునకే పేరై యున్నది; తెలంగాణమునందలి ఆరెకటికలు మేకలను, గొఱ్ఱెలను కోసి అమ్ముట కులవృత్తిగా జీవించినవారు. ఒక వృత్తి పేరు తిట్టుగా మాఱినప్పుడు, ఆ మాట న్యాయమా కాదా యని చరిత్ర నడిగి చూడవలసియున్నది.

1909లో మైసూరునందు శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున, వధశాలలపై అధికారియగు 'సూనాధ్యక్షుని' గూర్చి ఒక అధ్యాయము కలదు. అప్పుడే వధించిన మృగముల మాంసమునే అమ్మవలెను. ఎముకతో అమ్మినచో అందుకు సరిపడు మాంసము నీయవలెను. తూకములో ఎంత తగ్గునో అంతకు ఎనిమిది రెట్లు ఇచ్చుకొనవలెను. దూడను, ఆబోతును, పాడియావును చంపినచో 50 పణములు దండుగ. వధశాల వెలుపల కోసినదియు, కుళ్ళినదియు, తనంత చచ్చినదానిదియు అమ్మరాదు. తాజాదనము, తూకము, పసిప్రాణముల యెడ కనికరము అను మూడు ధర్మములు ఈ నియమములలో కానవచ్చుచున్నవి.

తెలుగుదేశములో కర్నూలు సీమయందలి ఎఱ్ఱగుడి బండలపై అశోకుని శాసనములు కలవు. వానిలో మొదటిది వంటశాలను గూర్చి చెప్పుచున్నది. పూర్వము రాజు పాకశాలలో దినమునకు లక్షలకొలది ప్రాణులు చచ్చెడివనియు, ఇప్పుడు రెండు నెమళ్ళును ఒక జింకయు మాత్రమే యనియు, జింకయు నిత్యము కాదనియు అందలి తాత్పర్యము. తినువాడు తన వంటయింటినే ముందు చక్కదిద్దుకొనెనని దీనివలన తెలియుచున్నది.

ఇక సాహిత్యము. ఎఱ్ఱన తెనిగించిన అరణ్యపర్వశేషమున ధర్మవ్యాధుని కథ యున్నది. తపోగర్వము గల కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మము తెలిసికొనుటకై మిథిలానగరమున మాంసపు అంగడికి పోవలసివచ్చెను. ఆ వ్యాధుడు ఇతరులు చంపినదానిని న్యాయముగా అమ్ముచు, తల్లిదండ్రులను దైవములుగా సేవించుచుండెను. కులవృత్తిని సత్యముతో నడపుటయే ధర్మమని ఆతడు బోధించెను. లోకవ్యవహారము తిట్టుగా వాడిన పేరునకు మన కావ్యము గురుపీఠము వేసినదన్నమాట.

ధర్మపురి ప్రాంతము విజయనగర రాజ్యములోనిది. కృష్ణదేవరాయల కాలమున, సుమారు 1520లో, ఆ రాజధానిని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డోమింగో పాయిస్, ప్రతి వీథిలోను శుభ్రమైన గొఱ్ఱెమాంసము దొరకుచుండెనని వ్రాసెను. ఆ శుభ్రత ఆ వృత్తివారి చేతిపనియే కదా!

కడత్తూరు వంటి మన ఊళ్ళ సంగతి చూతము. ఇచటి మెట్టపొలములకు సేలము నల్లమేకయు, మేచ్చేరి గొఱ్ఱెయు అనువైన జాతులు. మాంసము నఱకుటకు చింతమొద్దు వాడుట ఈ సీమ ఆచారము. చింత కఱ్ఱ గట్టిది, కత్తిదెబ్బకు సులభముగా చిట్లదు. కార్జము, గుండెకాయ, బోటి, తల, కాళ్ళు వేర్వేరుగా విడదీయుట చూచి నేర్చుకొనవలసిన విద్య. చర్మమునకు గాటు పడినచో వెల తగ్గును. మేచ్చేరి గొఱ్ఱె తోలు మేలైనదని పేరొందినది. 1911 వఱకు సేలము జిల్లాలో నుండిన తిరుపత్తూరు తాలూకాలోని వాణియంబాడి, తోళ్ళ పరిశ్రమకు ప్రసిద్ధి. పూర్వము తోలును తంగేటిపట్టతో పదును చేసెడివారు. 1934లో మేట్టూరు ఆనకట్ట పూర్తియైన పిదప ఆ జలాశయపు చేపలును అంగళ్ళకు వచ్చినవి. 40 పలముల వీశ పోయి, 1956 నాటి తూనికల చట్టముతో కిలోగ్రాము వచ్చినది. త్రాసు మాఱినను, త్రాసు పట్టిన చేతిమీది నమ్మకమే మూలధనము.

చట్టములును మాఱినవి. దేవాలయములయొద్ద జంతుబలిని నిషేధించు 1950 నాటి మద్రాసు చట్టము 2004లో రద్దయినది. 2001 నాటి కేంద్ర వధశాలా నియమములు గర్భిణియైన పశువును, మూడు నెలలు నిండని పిల్లను, అట్టి పిల్లగల తల్లిని వధింపరాదనియు, పశువైద్యుడు పరీక్షింపవలెననియు విధించినవి. దూడను, పాడియావును చంపరాదన్న కౌటిల్యుని మాటకు ఇది ఎంత సన్నిహితమో చదువరులు గమనింతురు గాక.

రాజులును ప్రభుత్వములును నియమములు వ్రాసిరి. వానిని ప్రతి ఉదయము ఆచరణలో పెట్టువాడు మాత్రము, చీఁకటితో లేచి కత్తి నూరుకొను ఈ పనివాడే. మన ఆరోగ్యము ఆతని నిజాయితీమీద ఆధారపడియున్నది. ఆతని బిడ్డలు మన తరగతులలో కూర్చుండి తెలుగు చదువుకొనుచున్నప్పుడు, తండ్రి వృత్తి పేరు నిఘంటువులో 'క్రూరుడు' అను అర్థముతో ఎదురుపడుట తగునా? ఆ అర్థమును తుడిచివేయుట మన చేతిలో లేదు. దాని ప్రక్కనే ధర్మవ్యాధుని కథను చెప్పుట మాత్రము ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును సాధ్యమైన పనియే. అది చేయవలెనని మనవి.