బట్టకెక్కిన వెండి

మైకేల్ ఫారడే 1857లో కెంపు రంగు ద్రావణం గురించి ప్రకటించాడు. ఆ రంగు బంగారానిదే. కంటికి ఆనని రేణువులైతే బంగారం పసుపు వదిలి ఎర్రబడుతుంది. బంగారు లవణం నుంచి లోహాన్ని విడదీయడానికి ఆయన వాడింది ఫాస్ఫరస్. దాన్ని కరిగించిన కార్బన్ డైసల్ఫైడ్ విషం, పైగా ఇట్టే అంటుకునే ద్రవం. 1951లో టర్కెవిచ్ బృందం సోడియం సిట్రేట్‌తో మరిగించి అదే పని సాధించింది. అయినా ప్రయోగశాలల్లో సోడియం బోరోహైడ్రైడ్ లాంటి ఘాటైన రసాయనాల వాడకం ఆగలేదు.

1998లో అనాస్టస్, వార్నర్ హరిత రసాయన శాస్త్రానికి 12 సూత్రాలు రాశాక లోహ రేణువుల తయారీ దారి మళ్లింది. 2003లో అమెరికాలో గ్లూకోజ్, గంజిపిండి, నీళ్లతోనే వెండి రేణువులు తయారుచేసి చూపారు. ఆ రోజుల్లోనే పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో మురళీ శాస్త్రి బృందం జెరేనియం ఆకులను, మరుసటి ఏడు వేపాకును ఇదే పనిలోకి దించింది.

ఈ పద్ధతినే నూలుబట్టకు వాడితే పని తేలిగ్గానే ఉంటుంది. బట్టను సిల్వర్ నైట్రేట్‌లో నానబెట్టి, వడకట్టిన ఆకు కషాయంలో వేసి వేడిచేస్తారు. తెల్లటి బట్ట మెల్లగా లేత పసుపు తిరిగి, రేణువులు పెరిగేకొద్దీ గోధుమ రంగుకొస్తుంది. వెండి రేణువులు ఊదా, నీలి కాంతిని పీల్చుకోవడమే దీనికి కారణం. పోగులోని సెల్యులోజ్‌కు ఉన్న హైడ్రాక్సిల్ గుంపులు రేణువులకు ఆసరా ఇస్తాయి. ఆ బట్టమీద సూక్ష్మజీవులు అంత సులువుగా పెరగవు.

ఇంతవరకు బాగుంది. కానీ ఆకు వాడినంత మాత్రాన మొత్తం పని హరితమైపోదు. 2008లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన బెన్, వెస్టర్‌హాఫ్ మార్కెట్లో దొరికే నానో వెండి సాక్సులను నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని పరీక్షించారు. కొన్నిటి నుంచి వెండి దాదాపు అంతా నాలుగు ఉతుకుల్లోనే పోయింది, మరికొన్నిటి నుంచి ఏమంత పోలేదు. మురుగునీటిలో చేరిన వెండి మేలుచేసే బాక్టీరియాను కూడా చంపగలదు. కాబట్టి రేణువును ఏ ఆకుతో పుట్టించారన్నదానికన్నా అది పోగును ఎంత గట్టిగా పట్టుకుందన్నదే నాకు పెద్ద ప్రశ్న.

అందుకే న్యూజిలాండ్ విక్టోరియా యూనివర్సిటీలో జేమ్స్ జాన్‌స్టన్ చేసిన పని నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. ఆయన మెరీనో ఉన్నికి బంగారు రేణువులతోనే రంగు అద్దాడు. ఉన్ని ప్రొటీనే బంగారు లవణాన్ని లోహంగా మార్చింది, అందులోని గంధకం ఆ రేణువును పట్టి ఉంచింది. రేణువుల పరిమాణాన్ని బట్టి ఉన్ని గులాబీ రంగుకో, ఊదాకో, బూడిదకో తిరిగింది. నూలులో గంధకం లేదు. అందుకే నూలుమీద పనిచేసేవాళ్లు రేణువును నిలిపే పట్టు కోసం ఇంకా వెతుకుతున్నారు.