పోరంబోకు బ్యాండూ, నీరుగంటి వంతూ

మొన్న తనకల్లు వెళ్ళినప్పుడు మా చిన్నాయన అడిగాడు, "అసలు నువ్వు చేసే పనేందిరా?" అని. ఫ్యాక్టరీల్లో ప్రెషర్, టెంపరేచర్ కొలిచే సెన్సర్లు వైర్లు లేకుండా మాట్లాడుకునేటట్టు చేస్తామని చెప్పా. "అన్నీ ఒక్కసారే మాట్లాడితే?" అన్నాడు. ఇరవయ్యేళ్ళుగా ఇంజనీర్లు తలలు పట్టుకున్న ప్రశ్న అదే మరి :)

ఈ గొడవ మొదలు 1947లో ఉంది. అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో 2.45 గిగాహెర్ట్జ్ చుట్టూ కొంత జాగాని మాటలకి కాకుండా పరిశ్రమల్లో వేడిచేసే యంత్రాలకి వదిలేశారు. మైక్రోవేవ్ ఓవెన్ ఉండేది అక్కడే. అందులో ఎవరైనా రేడియో పెట్టుకుంటే వచ్చే రొదని భరించాల్సిందే. మన భాషలో చెప్పాలంటే పోరంబోకు. 1985లో అమెరికా ప్రభుత్వం ఆ పోరంబోకులో లైసెన్సు లేకుండా రేడియోలు వాడుకోనిచ్చింది. మన దగ్గర 2005 జనవరిలో ఆరుబయట వాడకానికి కూడా లైసెన్సు తీసేశారు. ఇక చూస్కోండి, వైఫై, బ్లూటూత్, కార్డ్‌లెస్ ఫోన్లు అన్నీ అక్కడే గుడిసెలు వేశాయి.

సెన్సర్ల కోసం 802.15.4 అనే ప్రమాణం 2003లో వచ్చింది. అదే బ్యాండులో 16 చానెళ్ళు, 11 నుంచి 26 దాకా. ఒక్కోటి 2 మెగాహెర్ట్జ్ వెడల్పు. వైఫై చానెలు దాదాపు 22. సెన్సరు బలం ఒక మిల్లీవాట్ అయితే వైఫైది వంద దాకా ఉంటుంది. సెన్సరు మర్యాదగా "ఎవరైనా మాట్లాడుతున్నారా" అని విని ఆగుతుంది. వైఫైకి దీని గొంతు వినపడదు, మీద పడి మాట్లాడేస్తుంది.

ఇది నేను పడ్డ కష్టమే. ఒక ఫ్యాక్టరీలో ట్యాంకుల లెవెల్ రీడింగులు ఉన్నట్టుండి మాయమయ్యేవి. ట్యాంకు పొర్లితే కింద మనుషులుంటారు, సరదా వ్యవహారం కాదు. బ్యాటరీలన్నారు, మార్చాం. యాంటెన్నా అన్నారు, మార్చాం. చివరికి తేలిందేంటంటే, సెక్యూరిటీ వాళ్ళు కొత్తగా పెట్టిన కెమెరాలు వైఫై 11వ చానెల్లో ఉన్నాయి, మా సెన్సర్లు 23లో. నంబర్లు వేరైనా గాలిలో జాగా ఒకటే. సెన్సర్లని 25కి మారిస్తే సర్దుకుంది. మూడు వారాలు పోయాయి. కెమెరాల వాళ్ళకి మేమున్నామనీ, మాకు వాళ్ళున్నారనీ ఎవరూ చెప్పలేదు, అంతే.

చేత్తో చానెళ్ళు మార్చుకుంటూ ఎంతకాలం? 2007లో వచ్చిన వైర్‌లెస్ హార్ట్ ఈ పనిని యంత్రానికే అప్పగించింది. కాలాన్ని పది మిల్లీసెకన్ల ముక్కలు చేసి, ఏ ముక్కలో ఎవరు మాట్లాడాలో ముందే వంతు వేస్తుంది. వంతు వంతుకీ చానెల్ మారుతుంది. జవాబు రాకపోతే ఇంకో వంతులో, ఇంకో చానెల్లో, వీలైతే ఇంకో దారిన పంపుతుంది. రొద ఎక్కువున్న చానెల్‌ని పక్కన పెట్టేయొచ్చు. చిన్నాయనకి ఇది చెప్తే ఠక్కున "అంటే నీరుగంటి" అన్నాడు. చెరువు తూము తీసి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళో చూసే మనిషి. ఇంతకంటే మంచి వివరణ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

తమాషా ఏంటంటే, కలిసి బతకడానికి పుట్టిన ప్రమాణాలే కలవలేదు. 2009లో ఐఎస్ఏ 100.11ఎ వచ్చింది, చైనా డబ్ల్యూఐఏ-పీఏ తెచ్చింది. అందరి రేడియో ఒకటే, పద్ధతులు వేరు. మొదటి రెంటినీ ఒకటి చేద్దామన్న ప్రయత్నం ఫలించలేదు. ఒకే చెరువుకి ముగ్గురు నీరుగంట్లు!

ఇవన్నీ ఎక్కడో జరిగినవనుకోకండి. 2000ల మధ్యలో బెంగుళూరు ఐఐఎస్‌సీ, స్విట్జర్లాండ్ ఈపీఎఫ్ఎల్ కలిసి చెన్నకేశవపుర అనే పల్లెలో చేలల్లో తేమ కొలిచే వైర్‌లెస్ సెన్సర్లు పెట్టారు. అది పావగడ తాలూకా, పెనుకొండకి పడమర. పేరుకి కర్ణాటక, మాట చాలావరకు తెలుగు, పంట మనలాగే వేరుశెనగ. అక్కడ గాలిలో పోటీ లేదు. కరువే అసలు బాధ.

"మరి మన చెరువుకి నీరుగంటి ఎవరిప్పుడు?" అని అడిగా. బోర్లు వచ్చాక ఎవరి మోటారు వాళ్ళదే కదా, ఇంకెందుకన్నాడు. ఆ బోర్లలో రెండు ఎండిపోయి ఉన్నాయి, మావే.