మంచులో నిలబడిన కెమెరా

1893 ఫిబ్రవరి 22. న్యూయార్క్‌ను మంచు తుఫాను ముంచెత్తింది. జనం తలుపులు బిగించుకుంటే, ఫొటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ మాత్రం అరువు తెచ్చుకున్న చేతి కెమెరాతో ఫిఫ్త్ అవెన్యూలో మూడు గంటలు నిలబడ్డాడు. చివరికి గుర్రపుబండి ఒకటి మంచును చీల్చుకుంటూ ఎదురొచ్చింది. ఆ క్షణమే ‘వింటర్, ఫిఫ్త్ అవెన్యూ’ అయింది.

పేరున్న ఫొటోగ్రాఫర్లు అప్పట్లో చేతి కెమెరాను చిన్నచూపు చూసేవారు. వాన, మంచు, పొగ ఉంటే ఫొటో తీయలేమన్నది అప్పటి నమ్మకం. స్టీగ్లిట్జ్‌కు అవే కావాలి. వసంతపు జల్లులో తడిసిన వీధినీ తీశాడు, 1903 శీతకాలంలో కొత్తగా లేచిన ఫ్లాటైరన్ భవనాన్నీ తీశాడు. నగరాన్ని రుతువుల్లో చూడటం అతని అసలు గొప్పతనం.

1905లో ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్‌తో కలిసి ఫిఫ్త్ అవెన్యూలోనే 291వ నంబరు ఇంట చిన్న గ్యాలరీ తెరిచాడు. మొదట ఫొటోలే. 1908లో రోదాఁ రేఖాచిత్రాలు, మతీస్ బొమ్మలు వచ్చాయి. 1911లో పికాసో. పత్రికలు ఈసడించాయి, కొన్నవారు దాదాపు లేరు. స్టీగ్లిట్జ్ మాత్రం ఒక పికాసో చిత్రాన్ని తనకోసం కొనుక్కున్నాడు. అదిప్పుడు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. 1917లో గ్యాలరీ మూతపడింది.

అదే ఏడాది మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యతో కలిసి సంస్కృత నాట్యగ్రంథం ‘అభినయ దర్పణా’న్ని ఇంగ్లీషులోకి తెచ్చిన బోస్టన్ మ్యూజియం క్యూరేటర్ ఆనంద కుమారస్వామి, తర్వాత స్టీగ్లిట్జ్‌కు అండగా నిలిచాడు. ఆయన చొరవతోనే 1924లో బోస్టన్ మ్యూజియం స్టీగ్లిట్జ్ ఫొటోలు 27 స్వీకరించి, చిత్రాలూ శిల్పాలూ ఉన్న చోట వాటికీ స్థానమిచ్చింది.